పరుగు వేగ శిక్షణ

ఒక దూరాన్ని మునుపటికంటే తక్కువ సమయంలో పరుగెత్తడానికి శరీరాన్ని క్రమపద్ధతిలో సిద్ధం చేసే అభ్యాసాన్ని పరుగు వేగ శిక్షణ అంటారు. 100 మీటర్ల స్ప్రింట్ నుంచి 42.195 కిలోమీటర్ల మారథాన్ దాకా అన్ని పరుగులూ దీని పరిధిలోకి వస్తాయి. పోటీ క్రీడాకారులు, పోలీసు, సైనిక ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమయ్యే అభ్యర్థులు, క్రికెట్, ఫుట్‌బాల్, కబడ్డీ, హాకీ ఆటగాళ్లు, ఆరోగ్యం కోసం పరుగెత్తేవారు ఈ శిక్షణ తీసుకుంటారు. దీనిలో మూడు పనులు వరుసగా సాగుతాయి: శరీరానికి అలవాటు లేని భారాన్ని కొలిచి ఇవ్వడం, ఆ భారాన్ని తట్టుకునేలా మారేందుకు విశ్రాంతి ఇవ్వడం, మారిన శరీరానికి తగ్గట్టు భారాన్ని సవరించడం. ఈ మూడింటిలో ఏది లోపించినా వేగం పెరగదు. విశ్రాంతి లోపిస్తే గాయం కూడా కావచ్చు.

నిర్వచనం, పరిధి

పరుగులో వేగాన్ని రెండు విధాలుగా చూస్తారు. మొదటిది గరిష్ఠ వేగం. ఇది శరీరం కొద్ది సెకన్లు మాత్రమే నిలుపుకోగల అత్యధిక వేగం. రెండోది నిలకడ వేగం. ఇది నిమిషాలు, గంటల పాటు కొనసాగించగల వేగం. 100, 200, 400 మీటర్ల పోటీలను స్ప్రింట్లుగా, 800, 1500 మీటర్లను మధ్య దూరపు పరుగులుగా, 3000 మీటర్లు ఆపైన ఉన్నవాటిని దూర పరుగులుగా వర్గీకరిస్తారు. స్ప్రింట్లలో గరిష్ఠ వేగానిది పైచేయి. దూరం పెరిగేకొద్దీ నిలకడ వేగానిదే నిర్ణాయక పాత్ర అవుతుంది.

దూర పరుగులో వేగాన్ని గంటకు ఇన్ని కిలోమీటర్లని కాకుండా కిలోమీటరుకు ఇన్ని నిమిషాలని లెక్కిస్తారు. దీనిని పేస్ అంటారు. కిలోమీటరుకు 5 నిమిషాల పేస్ అంటే గంటకు 12 కిలోమీటర్లు. ట్రాక్‌పై 400 మీటర్ల ల్యాప్‌కు పట్టిన సెకన్లను ప్రమాణంగా తీసుకుంటారు.

చరిత్ర

ఆరంభ దశ

19వ శతాబ్దపు బ్రిటన్‌లో పందెపు పరుగులు వృత్తిగా సాగేవి. ఇంగ్లండ్ పరుగుగాడు వాల్టర్ జార్జ్ ఉన్నచోటే నిలబడి మోకాళ్లను మార్చి మార్చి ఎత్తే ‘100 అప్’ అనే వ్యాయామాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 1886లో అతడు మైలు దూరాన్ని 4 నిమిషాల 12¾ సెకన్లలో ముగించాడు. ఆ సమయాన్ని 1915 వరకు ఎవరూ మెరుగుపరచలేకపోయారు. ఫిన్లాండ్‌కు చెందిన పావో నూర్మి 1920, 1924, 1928 ఒలింపిక్స్‌లో 9 స్వర్ణాలు గెలిచాడు. చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని, సమాన వేగంతో పరుగెత్తడం అతని పద్ధతి. కాలాన్ని కొలుస్తూ అభ్యాసం చేసే అలవాటు అతని పేరుతో ముడిపడి ఉంది.

ఇంటర్వెల్ పద్ధతి

1930లలో స్వీడన్ శిక్షకుడు యోస్తా హోల్మెర్ ఫార్ట్‌లెక్ పద్ధతిని రూపొందించాడు. అడవి బాటల్లో ఆగకుండా పరుగెత్తుతూ, మధ్యమధ్య ఇష్టమైనంత సేపు వేగం పెంచి తగ్గించడం దీని సారం. స్వీడన్ పరుగుగాడు గుండర్ హేగ్ 1945లో మైలును 4 నిమిషాల 1.4 సెకన్లలో పూర్తిచేశాడు.

1930లలోనే జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో శిక్షకుడు వోల్డెమార్ గెర్ష్‌లర్, హృద్రోగ వైద్యుడు హాన్స్ రైన్‌డెల్ ఇంటర్వెల్ శిక్షణకు శాస్త్రీయ రూపమిచ్చారు. చిన్న దూరపు పరుగుతో గుండె స్పందన నిమిషానికి 180 దాకా చేరాలి. తర్వాతి 90 సెకన్లలో అది 120కి దిగిరావాలి. అలా దిగిరాకపోతే పరుగు తీవ్రత ఎక్కువైందని భావించి తగ్గించేవారు. గెర్ష్‌లర్ శిష్యుడు రుడోల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు.

చెకోస్లొవేకియాకు చెందిన ఎమిల్ జాటోపెక్ ఈ పద్ధతిని భారీ పరిమాణానికి తీసుకెళ్లాడు. 200 మీటర్లు 5 సార్లు, 400 మీటర్లు 20 సార్లు, మళ్లీ 200 మీటర్లు 5 సార్లు పరుగెత్తడం అతని అభ్యాసాల్లో పేరొందినది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5000, 10,000 మీటర్లతో పాటు మారథాన్‌లోనూ అతడు స్వర్ణం సాధించాడు. వైద్య విద్యార్థిగా ఉన్న రోజర్ బానిస్టర్ 440 గజాల పరుగును 10 సార్లు చేసే ఇంటర్వెల్ అభ్యాసంతో సిద్ధమయ్యాడు. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో 3 నిమిషాల 59.4 సెకన్లలో మైలు పూర్తిచేసి, 4 నిమిషాల లోపు మైలు పరుగెత్తిన తొలి వ్యక్తి అయ్యాడు.

దూర పరుగు పునాది

న్యూజిలాండ్ శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ మరో దారి పట్టాడు. మధ్య దూరపు క్రీడాకారులు సైతం ముందు కొన్ని నెలల పాటు వారానికి సుమారు 160 కిలోమీటర్లు పరుగెత్తి పునాది వేసుకోవాలనీ, ఆ తర్వాత కొండ పరుగులు, చివరగా వేగ అభ్యాసం చేయాలనీ నిర్దేశించాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో అతని శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్లలో ఒకే రోజు స్వర్ణాలు గెలిచారు. అదే ఒలింపిక్స్ 1500 మీటర్ల విజేత, ఆస్ట్రేలియాకు చెందిన హెర్బ్ ఎలియట్‌ను శిక్షకుడు పెర్సీ సెరుట్టి పోర్ట్‌సీ ఇసుక దిబ్బలపై పరుగెత్తించాడు. అమెరికాలోని ఓరెగాన్ విశ్వవిద్యాలయ శిక్షకుడు బిల్ బౌవర్మన్ ఒక రోజు కఠిన అభ్యాసం, మరుసటి రోజు తేలిక పరుగు అనే క్రమానికి ప్రాచుర్యం తెచ్చాడు.

స్ప్రింట్ శిక్షణ

నేలపై చేతులు ఆనించి వంగి బయలుదేరే పద్ధతిని 1888లో అమెరికా పరుగుగాడు చార్లెస్ షెరిల్ పోటీలో వాడాడు. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్ 100 మీటర్ల విజేత థామస్ బర్క్ కూడా ఇదే పద్ధతిలో బయలుదేరాడు. ఒలింపిక్స్‌లో స్టార్టింగ్ బ్లాకులు 1948 లండన్ క్రీడలతో వచ్చాయి. 1960లలో సోవియట్ శాస్త్రవేత్త యూరి వెర్ఖోషాన్‌స్కీ ఎత్తు నుంచి దూకి, నేల తాకిన వెంటనే పైకెగిరే అభ్యాసాలను రూపొందించాడు. అవి తర్వాత ప్లయోమెట్రిక్స్ పేరుతో ప్రపంచమంతా వ్యాపించాయి. పోలండ్ శిక్షకుడు జెరార్డ్ మాక్ మోకాలు ఎత్తడం, కాలు చాచడం, పాదం నేలకు తగిలే తీరును విడివిడిగా అభ్యసించే డ్రిల్స్‌ను వ్యవస్థీకరించాడు.

సమకాలీన ధోరణులు

ఓర్పు క్రీడల్లో మేటి క్రీడాకారుల అభ్యాసాల్లో సుమారు 80 శాతం తేలికగా, 20 శాతం తీవ్రంగా ఉంటాయని శరీరధర్మ శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్ వివరించాడు. నార్వేలో ఒకే రోజు ఉదయం, సాయంత్రం లాక్టేట్ పరిమితికి (రక్తంలో లాక్టేట్ పేరుకోవడం వేగవంతమయ్యే స్థాయికి) లోబడి ఇంటర్వెల్స్ చేసే పద్ధతి అభివృద్ధి చెందింది. ఇందులో రక్తపు చుక్కను పరీక్షిస్తూ వేగాన్ని అదుపు చేస్తారు. ఈ పద్ధతిని అనుసరించిన యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ టోక్యో ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల స్వర్ణం గెలిచాడు. కెన్యాలో సుమారు 2400 మీటర్ల ఎత్తున ఉన్న ఇటెన్ పట్టణం బృంద శిక్షణకు కేంద్రంగా నిలిచింది.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్లలో మిల్ఖా సింగ్ 4వ స్థానంలో నిలిచాడు. 1984 లాస్ ఏంజలిస్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌ను 55.42 సెకన్లలో ముగించి సెకనులో 100వ వంతు తేడాతో కాంస్యం కోల్పోయింది. ఆమె శిక్షకుడు ఒ.ఎం. నంబియార్ 1985లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నాడు.

విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 13 సెకన్లలోపు పూర్తిచేసిన తొలి భారతీయ మహిళగా నిలిచింది. 2023లో చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78 సెకన్లతో జాతీయ రికార్డు నెలకొల్పింది. 2023, 2025 ఆసియా ఛాంపియన్‌షిప్‌లలో స్వర్ణాలు గెలిచింది. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 2024 మేలో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టి20 విభాగాన్ని 55.07 సెకన్లలో ముగించి అప్పటి ప్రపంచ రికార్డు సృష్టించింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం సాధించింది. హైదరాబాద్‌లో ఆమెకు శిక్షణ ఇచ్చిన నాగపురి రమేశ్ 2016 ద్రోణాచార్య పురస్కార గ్రహీత.

శాస్త్రీయ ఆధారం

అంగ పొడవు, అడుగుల జోరు

పరుగు వేగం రెండు అంశాల లబ్ధం: ఒక అంగలో కదిలిన దూరం, సెకనుకు పడే అడుగుల సంఖ్య. 2009 ఆగస్టు 16న బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 9.58 సెకన్లలో 100 మీటర్లు పరుగెత్తినప్పుడు సుమారు 41 అడుగులు వేశాడు. అంటే ఒక్కో అడుగు సగటున 2.4 మీటర్లకు పైనే. 60, 80 మీటర్ల గుర్తుల మధ్య అతని వేగం గంటకు 44 కిలోమీటర్లు దాటింది.

ఈ రెండింటిలో ఏది పెంచుకోవాలన్నది పోటీని బట్టి ఉంటుంది. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో 83.8 సెంటీమీటర్ల ఎత్తైన 10 అడ్డంకులు 8.5 మీటర్ల దూరంలో ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. వాటి మధ్య మూడు అడుగులే వేస్తారు. కాబట్టి అంగ పొడవు పెంచడానికి అవకాశం తక్కువ. అడుగుల జోరు పెరిగితేనే సమయం తగ్గుతుంది.

మనుషుల గరిష్ఠ వేగాల్లో తేడాకు కారణం కాళ్లను గాలిలో ఎంత త్వరగా ఊపుతారన్నది కాదనీ, నేలను ఎంత బలంగా తంతారన్నదనీ పీటర్ వేయాండ్ బృందం 2000లో ప్రచురించిన పరిశోధన చూపింది. మేటి స్ప్రింటర్ పాదం గరిష్ఠ వేగం వద్ద నేలను తాకి ఉండేది సెకనులో సుమారు 10వ వంతు మాత్రమే. ఆ కొద్ది వ్యవధిలో శరీర బరువుకు ఎన్నో రెట్ల బలాన్ని నేలపై ప్రయోగించాలి. స్ప్రింట్ శిక్షణలో బల వ్యాయామానికి చోటు దక్కింది ఇందువల్లే.

శక్తి మార్గాలు

కండరాలకు తక్షణ ఇంధనం ఏటీపీ. అది మూడు మార్గాల్లో తయారవుతుంది. మొదటిది ఫాస్ఫోక్రియాటిన్ మార్గం. పూర్తి శ్రమలో ఇది సుమారు 10 సెకన్లు ప్రధానంగా ఉంటుంది. రెండోది ఆక్సిజన్ లేకుండా గ్లూకోజును విడగొట్టే మార్గం. మూడోది ఆక్సిజన్ సాయంతో పిండిపదార్థం, కొవ్వులను వినియోగించే మార్గం. సుమారు 75 సెకన్ల పాటు సాగే పూర్తి శ్రమలో ఆక్సిజన్ ఉన్న, లేని మార్గాల వాటాలు దాదాపు సమానం. 800 మీటర్లు, అంతకు మించిన పరుగుల్లో ఆక్సిజన్ మార్గానిదే పెద్ద వాటా. 1600 మీటర్ల పరుగుకు సిద్ధమయ్యేవారు కేవలం స్ప్రింట్లు సాధన చేస్తే తగిన ఫలితం రాకపోవడానికి ఇదే మూలకారణం.

గ్లూకోజు విడిపోయేటప్పుడు ఏర్పడే లాక్టేట్‌ను ఒకప్పుడు అలసట కలిగించే వ్యర్థంగా భావించేవారు. అది కండరాల మధ్య ప్రయాణించే ఇంధనమని జార్జ్ బ్రూక్స్ 1980లలో ప్రతిపాదించాడు. తర్వాతి పరిశోధనలు దానిని బలపరిచాయి.

దూర పరుగు సామర్థ్యపు మూడు అంశాలు

గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం: తీవ్ర శ్రమలో శరీరం నిమిషానికి వాడుకోగల ఆక్సిజన్ పరిమాణం. దీన్నే వీఓ2 మ్యాక్స్ అంటారు. ఎ.వి. హిల్ 1920లలో చేసిన ప్రయోగాలు ఈ భావనకు పునాది. ఆరోగ్యవంతులైన యువకుల్లో ఇది కిలో శరీర బరువుకు నిమిషానికి సుమారు 40 నుంచి 45 మిల్లీలీటర్లు. మేటి దూర పరుగు క్రీడాకారుల్లో 70 నుంచి 85 దాకా ఉంటుంది.

లాక్టేట్ పరిమితి: రక్తంలో లాక్టేట్ పేరుకోవడం వేగవంతమయ్యే స్థాయి. శిక్షణ పొందినవారు ఈ స్థాయికి దగ్గరగా సుమారు ఒక గంట పరుగెత్తగలరు. మారథాన్, హాఫ్ మారథాన్ సమయాలను అంచనా వేయడానికి వీఓ2 మ్యాక్స్ కన్నా ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది.

పరుగు పొదుపు: ఒకే వేగానికి ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందన్న లెక్క. తక్కువ ఖర్చుతో అదే వేగం సాధించేవారికి మిగులు సామర్థ్యం ఉంటుంది. పేలుడు బల వ్యాయామాలు ఆక్సిజన్ వినియోగం పెరగకపోయినా 5 కిలోమీటర్ల సమయాన్ని తగ్గించగలవని ఫిన్లాండ్ పరిశోధకులు 1999లో చూపారు.

కండరాలు, నాడులు

కండరాల్లో నెమ్మదిగా సంకోచించి అలసట తట్టుకునే పోగులు, వేగంగా సంకోచించి త్వరగా అలసిపోయే పోగులు ఉంటాయి. వీటి నిష్పత్తిలో వంశపారంపర్య ప్రభావం ఎక్కువ. శిక్షణతో పోగుల మందం, కేశనాళికల సాంద్రత, శక్తి ఉత్పత్తి చేసే మైటోకాండ్రియాల సంఖ్య, నాడుల సంకేత సామర్థ్యం మారతాయి. నాడీ సంబంధ మార్పులు కొద్ది వారాల్లోనే కనిపిస్తాయి. స్నాయువులు, ఎముకలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఊపిరి, కండరాలు సహకరిస్తున్నాయని అభ్యాసాన్ని ఒక్కసారిగా పెంచినప్పుడు స్నాయువులు, ఎముకలు దెబ్బతినేది ఈ వ్యత్యాసం వల్లే (చూడండి: గాయాలు, భద్రత).

శిక్షణ రకాలు

తేలిక పరుగు: మాట్లాడుతూ పరుగెత్తగల వేగంతో సాగేది. మొత్తం అభ్యాసంలో ఎక్కువ భాగం ఇదే. గుండె పంపే రక్తం, కేశనాళికలు, మైటోకాండ్రియాలు దీనివల్ల వృద్ధి చెందుతాయి. వారానికొకసారి దీన్ని పొడిగించి సుదీర్ఘ పరుగుగా మార్చుతారు.

పరిమితి పరుగు: ఆయాసం అదుపులో ఉండి, మాటలు ముక్కలు ముక్కలుగా మాత్రమే వచ్చే వేగంతో 20 నుంచి 40 నిమిషాలు సాగేది. దీన్నే టెంపో పరుగు అంటారు. మధ్యలో ఒక నిమిషం విరామాలిస్తూ ముక్కలుగానూ చేస్తారు.

ఇంటర్వెల్స్: సుమారు 3 నుంచి 5 కిలోమీటర్ల పోటీ వేగంతో 3 నుంచి 5 నిమిషాలు పరుగెత్తి, దాదాపు అంతే సేపు మెల్లగా జాగింగ్ చేయడం. గరిష్ఠ ఆక్సిజన్ వినియోగాన్ని పెంచడం దీని లక్ష్యం. 1996లో జపాన్ శాస్త్రవేత్త ఇజుమి తబాటా బృందం పరీక్షించిన 20 సెకన్ల శ్రమ, 10 సెకన్ల విరామ పద్ధతి కూడా ఈ కోవలోదే. ఆ ప్రయోగం సైకిల్ యంత్రంపై జరిగింది.

రెపిటీషన్లు: 200 నుంచి 400 మీటర్లను మైలు వేగంతో లేదా అంతకన్నా వేగంగా పరుగెత్తి, పూర్తిగా కోలుకున్నాక మళ్లీ చేయడం. వేగంగా పరుగెత్తేటప్పుడు భంగిమ చెదరకుండా చూసుకోవడం ఇందులో ముఖ్యం.

స్ట్రైడ్స్: తేలిక పరుగు చివర 80 నుంచి 100 మీటర్ల దూరం క్రమంగా వేగం పెంచి, వదులుగా ముగించే పరుగులు. 4 నుంచి 8 సార్లు చేస్తారు.

స్ప్రింట్ అభ్యాసం: 10 నుంచి 30 మీటర్ల త్వరణ పరుగులు, ముందే వేగం అందుకుని 20 నుంచి 30 మీటర్లు గరిష్ఠంగా పరుగెత్తే ఫ్లయింగ్ స్ప్రింట్లు, వేగాన్ని నిలుపుకొనే 80 నుంచి 150 మీటర్ల పరుగులు ఇందులో ఉంటాయి. ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక నిమిషం చొప్పున విశ్రాంతి ఇవ్వడం శిక్షకుల వాడుక. అలసటతో చేసే స్ప్రింట్ గరిష్ఠ వేగాన్ని పెంచదు.

కొండ పరుగులు: ఎత్తు ఎక్కేటప్పుడు బలం పెరుగుతుంది. పాదం నేలకు తగిలే దెబ్బ కొంత తగ్గుతుంది. 8 నుంచి 10 సెకన్ల చిన్న స్ప్రింట్లు బలానికి, ఒకటి నుంచి మూడు నిమిషాల పరుగులు ఓర్పుకు ఉపకరిస్తాయి.

బల వ్యాయామం: స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, లంజ్, మడమలెత్తే వ్యాయామాలు వారానికి రెండు మూడు రోజులు చేస్తారు. పిరుదులు, తొడ వెనుక కండరాలు, పిక్కలు వీటి ప్రధాన లక్ష్యాలు.

ప్లయోమెట్రిక్స్: తాడాట, ఒంటికాలి గెంతులు, అంగలు సాచి ఎగిరే బౌండింగ్, పెట్టెపై నుంచి దూకే అభ్యాసాలు. స్నాయువుల సాగే గుణాన్ని శక్తిగా మలచడం వీటి ఉద్దేశం.

ప్రణాళిక

తీవ్రతను కొలవడం

గడియారంతో పాటు గుండె స్పందన, శ్రమ అనుభూతిని కొలమానాలుగా వాడతారు. వయసును 220 నుంచి తీసివేసి గరిష్ఠ స్పందనను అంచనా వేసే సూత్రం వాడుకలో ఉన్నా, వ్యక్తుల మధ్య 10 స్పందనలకు పైగా తేడా రావచ్చు. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ రూపొందించిన శ్రమ మాపకం ఏ పరికరమూ లేకుండా వాడదగినది. ఆయాసపడకుండా ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే ఆ పరుగు తేలికైనదే.

దశలు, టేపరింగ్

వార్షిక ప్రణాళికను సాధారణంగా పునాది, ప్రత్యేక సన్నద్ధత, పోటీ, విశ్రాంతి దశలుగా విభజిస్తారు. భారాన్ని రెండు మూడు వారాలు పెంచి, మరుసటి వారం తగ్గించడం పరిపాటి. కీలక పోటీకి ముందు దూరాన్ని తగ్గించి, తీవ్రతను నిలిపే దశను టేపరింగ్ అంటారు. సుమారు రెండు వారాల్లో పరిమాణాన్ని 41 నుంచి 60 శాతం తగ్గించడం మేలని 2007లో వెలువడిన ఒక సమీక్ష తేల్చింది.

ఉదాహరణ: 1600 మీటర్ల పరీక్ష

తెలంగాణలో 2022 పోలీసు నియామకాల్లో పురుష అభ్యర్థులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేయాల్సి వచ్చింది. 400 మీటర్ల ట్రాక్‌పై ఇది నాలుగు ల్యాపులు. మొత్తం 435 సెకన్లను నాలుగుతో భాగిస్తే ల్యాప్‌కు 108.75 సెకన్లు వస్తుంది. ప్రస్తుతం 8 నిమిషాలు పడుతున్న అభ్యర్థి ల్యాప్‌కు 120 సెకన్ల వేగంతో ఉన్నట్టు. అంటే ప్రతి ల్యాప్‌లోనూ 11 సెకన్లకు పైగా తగ్గించుకోవాలి.

అటువంటి అభ్యర్థికి 8 వారాల ప్రణాళిక ఇలా ఉండవచ్చు:

1, 2 వారాలు: వారంలో 4, 5 రోజులు 20 నుంచి 35 నిమిషాల తేలిక పరుగు. రెండు రోజులు చివర 4 స్ట్రైడ్స్.

3, 4 వారాలు: ఒక రోజు 200 మీటర్లు 8 సార్లు, ఒక్కోటి సుమారు 54 సెకన్లలో, మధ్యలో 200 మీటర్ల నడక లేదా జాగింగ్. ఒక రోజు 15 నిమిషాల పరిమితి పరుగు. మిగతా రోజులు తేలిక పరుగు.

5, 6 వారాలు: ఒక రోజు 400 మీటర్లు 5 లేదా 6 సార్లు, ఒక్కోటి 107 నుంచి 109 సెకన్లలో, మధ్యలో 2 నుంచి 3 నిమిషాల విరామం. ఒక రోజు 20 నిమిషాల పరిమితి పరుగు.

7వ వారం: 800 మీటర్లు 2 లేదా 3 సార్లు, ఒక్కోటి 3 నిమిషాల 40 సెకన్లలో, మధ్యలో 4 నిమిషాల విరామం.

8వ వారం: దూరం సగానికి తగ్గింపు. పరీక్షకు మూడు నాలుగు రోజుల ముందు 400 మీటర్లు రెండుసార్లు. చివరి రెండు రోజులు విశ్రాంతి లేదా నడక.

పరీక్ష రోజున ఎక్కువమంది గుంపుతో పాటు మొదటి ల్యాప్‌ను అతివేగంగా ముగిస్తారు. 90 సెకన్లలో ముగించిన వ్యక్తికి మిగిలిన మూడు ల్యాపులకు 115 సెకన్ల చొప్పున వ్యవధి ఉంటుంది. లెక్కలో ఇది సులభంగా కనిపించినా, తొలి ల్యాప్ శ్రమ వల్ల మూడో ల్యాప్‌కల్లా కాళ్లు బరువెక్కి ఆ వేగం కూడా అందదు. మొదటి ల్యాప్‌ను 107 నుంచి 109 సెకన్ల మధ్య ఉంచి, చివరి 200 మీటర్లకు శక్తిని మిగుల్చుకోవడమే క్షేమకరమైన పద్ధతి.

ఆహారం, నిద్ర, వాతావరణం

తీవ్ర అభ్యాసానికి పిండిపదార్థం ప్రధాన ఇంధనం. అన్నం, రొట్టె, రాగి జావ, అరటిపండు, చిలగడదుంప అందుబాటులో ఉండే వనరులు. మాంసకృత్తులు రోజుకు కిలో శరీర బరువుకు 1.2 నుంచి 2 గ్రాములు అవసరమని క్రీడా పోషకాహార మార్గదర్శకాలు సూచిస్తాయి. పప్పులు, గుడ్లు, పాలు, పెరుగు, చేపలు, చికెన్ వీటిని అందిస్తాయి. గంట దాటిన పోటీల్లో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోవడం పరిపాటి.

రక్తహీనత నిలకడ వేగాన్ని నేరుగా తగ్గిస్తుంది. ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్ కావడమే అందుకు కారణం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి అభ్యాసం సక్రమంగా సాగుతున్నా వేగం పెరగని యువతులకు రక్త పరీక్ష ముఖ్యం. తిండి తక్కువై శ్రమ ఎక్కువైనప్పుడు నెలసరి ఆగడం, ఎముకలు బలహీనపడటం వంటి లక్షణాలు వస్తాయి. ఈ స్థితిని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో క్రీడల్లో సాపేక్ష శక్తి లోపంగా నిర్వచించింది. ఇది పురుషుల్లోనూ కనిపిస్తుంది.

కండరాల మరమ్మతు, హార్మోన్ల సమతుల్యత నిద్రపై ఆధారపడి ఉంటాయి. పెద్దలకు రాత్రి 7 నుంచి 9 గంటల నిద్ర అవసరం.

కోస్తా జిల్లాల ఉక్కపోతలో చెమట త్వరగా ఆరదు. శరీర ఉష్ణోగ్రత పెరిగి, అదే వేగానికి గుండె స్పందన ఎక్కువవుతుంది. వేసవిలో సూర్యోదయానికి ముందే అభ్యాసం ముగించడం, వేగానికి బదులు శ్రమ అనుభూతిని ప్రమాణంగా తీసుకోవడం మేలు. వేడికి శరీరం అలవాటుపడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. దాహానికి మించి నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది.

ఎత్తైన ప్రదేశంలో నివసించి తక్కువ ఎత్తులో తీవ్ర అభ్యాసం చేస్తే సముద్రమట్టపు వేగం మెరుగవుతుందని బెంజమిన్ లెవైన్, జేమ్స్ స్ట్రే-గండర్సన్ 1997లో చూపారు.

గాయాలు, భద్రత

స్ప్రింటర్లలో తొడ వెనుక కండరం పట్టేయడం లేదా చిట్లడం ఎక్కువ. మోకాళ్లపై నిటారుగా నిలిచి, చీలమండలను మరొకరు పట్టుకోగా ముందుకు నెమ్మదిగా వాలే నార్డిక్ వ్యాయామం ఈ గాయాలను తగ్గిస్తుంది. దూర పరుగులో మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, మోకాలి కింద ఎముక వెంట నొప్పి, అకిలీజ్ స్నాయువు సమస్యలు, ఎముకల్లో సన్నని పగుళ్లు సాధారణం. ఒకే చోట వేలితో చూపగలిగే ఎముక నొప్పి, నడుస్తున్నప్పుడూ తగ్గని నొప్పి ఉంటే పరుగు ఆపి వైద్యుణ్ని సంప్రదించాలి.

ప్రతి తీవ్ర అభ్యాసానికి ముందు 10 నుంచి 15 నిమిషాల వార్మప్ అవసరం. జాగింగ్, కదలికతో కూడిన సాగదీతలు, డ్రిల్స్, స్ట్రైడ్స్ ఇందులో భాగం. స్ప్రింట్ ముందు కదలకుండా ఎక్కువ సేపు కండరాలను సాగదీయడం వల్ల తాత్కాలికంగా బలం తగ్గవచ్చు.

పరుగులో ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, అసాధారణంగా గుండె దడ ఉన్నవారు, చిన్న వయసులో హృద్రోగ మరణాలు సంభవించిన కుటుంబాలవారు తీవ్ర అభ్యాసానికి ముందు ఈసీజీతో సహా గుండె పరీక్షలు చేయించుకోవాలి. అభ్యాసం లేకుండా నేరుగా ఎంపిక పరుగులో పాల్గొనడం ప్రాణాలకే ముప్పు కావచ్చు. ఎండదెబ్బతో తికమకపడుతూ మాట్లాడటం, తూలడం కనిపిస్తే వెంటనే చల్లని నీటితో శరీరాన్ని చల్లబరచి, ఆ తర్వాత ఆసుపత్రికి తరలించాలి.

సాధనాలు, నియమాలు

ట్రాక్ పోటీలకు స్పైక్స్, రోడ్డు పరుగుకు మెత్తని అడుగు ఉన్న బూట్లు వాడతారు. 2017 నుంచి కార్బన్ పలక ఉన్న, తేలికైన నురుగు బూట్లు రోడ్డు రికార్డులను ప్రభావితం చేశాయి. వీటిలో ఒక నమూనా శక్తి ఖర్చును సగటున సుమారు 4 శాతం తగ్గించిందని 2018లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. రోడ్డు పోటీల్లో అడుగు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ నియమం. స్ప్రింట్‌లో తుపాకీ మోగిన 0.100 సెకను లోపు కదిలితే తప్పుడు ప్రారంభంగా పరిగణిస్తారు.

నిషేధిత ఉత్ప్రేరకాలతో వేగం పెంచుకోవడం క్రీడా నేరం. 1988 సోల్ ఒలింపిక్స్‌లో 9.79 సెకన్లతో 100 మీటర్లు గెలిచిన బెన్ జాన్సన్ స్టానోజొలాల్ వాడినట్టు తేలడంతో పతకం కోల్పోయాడు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 1999లో, భారత జాతీయ సంస్థ 2005లో ఏర్పడ్డాయి. 2022లో దేశంలో ఇందుకు ప్రత్యేక చట్టం వచ్చింది. జిమ్‌లలో, మందుల దుకాణాల్లో సలహా మేరకు తీసుకునే సప్లిమెంట్లలోనూ నిషేధిత పదార్థాలు ఉండే అవకాశం ఉన్నందున వాటి విషయంలో అప్రమత్తత అవసరం. నిషేధానికి తోడు కాలేయం, గుండె, హార్మోన్లకు హాని కలగవచ్చు.

ప్రాధాన్యం

పతకాలు, రికార్డులతో పాటు ఉపాధి, ఆరోగ్యం, ఆత్మవిశ్వాసంపైనా పరుగు వేగ శిక్షణ ప్రభావం చూపుతుంది. తెలుగు రాష్ట్రాల్లో వేలాది యువతీయువకులకు పోలీసు కొలువు దక్కేదీ లేనిదీ కొన్ని సెకన్ల తేడాతో తేలుతుంది. అందుకే శిక్షణ శాస్త్రంలోని ప్రాథమికాంశాలు మేటి క్రీడాకారులకు ఎంత అవసరమో గ్రామీణ అభ్యర్థులకూ అంతే అవసరం. వీటిలో చాలావరకు ఖరీదైన వసతులు లేకుండానే ఆచరించదగినవి: కొలిచిన 400 మీటర్ల బాట, గడియారం, సరిపడా తిండి, నిద్ర, అనుభవజ్ఞుడైన శిక్షకుడి పర్యవేక్షణ. నోటుపుస్తకంలో ప్రతి రోజు దూరం, సమయం, నిద్ర గంటలు, నొప్పులు రాసుకునే అలవాటు ఉంటే ఏది పనిచేసిందో, ఎక్కడ భారం మించిందో తేలుతుంది.

ఇవి కూడా చూడండి

అథ్లెటిక్స్, ఇంటర్వెల్ శిక్షణ, ఫార్ట్‌లెక్, ప్లయోమెట్రిక్స్, మారథాన్, లాక్టేట్, ఎండదెబ్బ, క్రీడా గాయాలు, డోపింగ్, దేహదారుఢ్య పరీక్షలు